పిల్లల ముఖం, ఎక్స్‌ప్రెషనిస్టు పెన్సిల్: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎక్స్‌ప్రెషనిస్టు బొమ్మకు (ఉన్నదున్నట్టు కాక, భావం పలికేలా ఆకారాన్ని వంచి, పెంచి గీసే బొమ్మకు) కొలతలు అక్కర్లేదు, ఎలా గీసినా చెల్లుతుంది.

వాస్తవం: వంకర కావాలనే పెట్టినట్టు కనిపించాలంటే ముందు అసలు కొలత తెలిసుండాలి. పెద్దవాళ్ల తలను అడ్డంగా సగం చేస్తే కళ్లు ఆ గీటు మీదే ఉంటాయి. మూడు నాలుగేళ్ల పిల్లలకు దాదాపు కనుబొమలు అక్కడికొస్తాయి, కళ్లు దాని కిందికి దిగుతాయి. ముక్కు దూలం అణిగి, గడ్డం చిన్నగా ఉంటుంది. కళ్లను సగానికే గీశారో, బిడ్డ కాస్తా పొట్టి పెద్దమనిషి అయిపోతాడు. మామూలు హెచ్‌బీ పెన్సిల్‌తో తేలిగ్గా ఈ గీట్లు పెట్టుకుని, అప్పుడు కళ్లో నుదురో చేతులో ఒక్కదాన్నే పెంచండి. అన్నీ పెంచితే కార్టూనే.

అపోహ: గీతలు ఎంత గట్టిగా, ఎన్ని ఎక్కువ పడితే భావం అంత పలుకుతుంది.

వాస్తవం: పెద్దల ముఖాలకు ఇది కొంత నిజం. పసిముఖం అన్ని గీతలు మోయలేదు. ముక్కు పక్కనుంచి పెదవి చివరికి దిగే గీత ఒక్కటి చాలు, అయిదేళ్లవాడికి యాభై వచ్చేస్తాయి. కంటి కింద గీత, పళ్ల మధ్య సందులు కూడా అంతే. ఆవేశమంతా 4బీ, 6బీ పెన్సిళ్లతో (బీ ముందు అంకె పెరిగేకొద్దీ ములుకు మెత్తగా, నల్లగా ఉంటుంది) జుట్టులో, కాలరులో, తల వెనక చీకటిలో చూపించండి. ముఖంలో నలుపు మూడు చోట్లే: కనుపాప, పై రెప్ప, పెదవుల మధ్య. బుగ్గల్ని కాగితం తెలుపుకు వదిలేయండి. ఈ వదిలేయడమే చాలామందికి చేతకాదు.

అపోహ: 8బీని అదిమితే చిక్కటి నలుపు వస్తుంది.

వాస్తవం: పెన్సిల్ ములుకులోని గ్రాఫైట్ అదిమేకొద్దీ మెరుస్తుంది, వెలుతురు పడగానే బూడిదరంగులో కనిపిస్తుంది. కాగితం గరుకు అణిగిపోయి పై పొర కూడా పట్టదు. నల్లగా కావలసిన చోట్లు ముందే ఖాళీగా ఉంచి చార్‌కోల్ పెన్సిల్ వాడండి, మెరిసే గ్రాఫైట్ మీద అది నిలవదు. కాగితం మందం 150 జీఎస్‌ఎంకు (చదరపు మీటరుకు 150 గ్రాములు) తగ్గకుండా, కాస్త గరుకుగా ఉండాలి.

అపోహ: బుగ్గలు నునుపుగా రావాలంటే వేలితో రుద్దాలి.

వాస్తవం: వేలి జిడ్డు మరకై కూర్చుంటుంది. 2బీని పక్కకు వాల్చి, ఒత్తకుండా, బుగ్గ వంపు వెంట తిప్పండి. ఎక్కువైతే పిండిముద్దలా నలిపి వాడే నీడెడ్ ఎరేజర్‌తో రుద్దకుండా అద్ది తీయండి.

అపోహ: ఎక్స్‌ప్రెషనిజం అంటే బిడ్డ ఏడుస్తూ ఉండాలి.

వాస్తవం: జర్మన్ చిత్రకారిణి కేథె కొల్విట్జ్ 1920లలో జర్మనీ పిల్లల ఆకలి మీద చేసిన లితోగ్రాఫ్ (రాతి పలక మీద గీసి అచ్చువేసే బొమ్మ) చూడండి. పెన్సిల్ పని కాదు గానీ, ఎత్తిపట్టిన ఖాళీ గిన్నెలు, పైకి చూసే కళ్లే అందులో అంతా చెబుతాయి. అలా తల ఎత్తిన బిడ్డను గీసేటప్పుడు చెవులు కళ్లకంటే దిగువకు రావాలి. అది మరిచిపోతే తల ఎత్తినట్టు కాదు, కళ్లు తేలేసినట్టు ఉంటుంది.