కుండీ అడుగున ముంపు

మూడేళ్ల కిందట నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాలో కొన్న కాక్టస్ ఒకటి మా బాల్కనీలో చచ్చిపోయింది. అది చచ్చిందని నెల రోజుల దాకా నాకు తెలియనే లేదు. పైకి పచ్చగా, ముళ్లన్నీ నిటారుగా బానే ఉంది. ఒకరోజు బాల్కనీ ఊడుస్తుంటే చీపురు తగిలి పక్కకి ఒరిగింది, లేపబోతే వేరన్నది లేకుండా చేతిలోకి వచ్చేసింది, అడుగున చూస్తే మాగిపోయిన అరటిపండులా గోధుమరంగు గుజ్జు. నేను చేసిన ఘనకార్యం ఏంటంటే, తెచ్చిన వారంలోనే దాన్ని పెద్ద పింగాణీ కుండీలోకి మార్చి, అడుగున గులకరాళ్లు పరిచి, మార్చగానే చెంబెడు నీళ్లు పొయ్యడం. తులసికైనా మందారానికైనా చేసేది అదే కదా.

వేరు కూడా ఊపిరి పీలుస్తుంది. మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉండే గాలే దానికి ఆధారం. ఆ సందులు నీళ్లతో నిండితే ఆక్సిజన్ వేరుదాకా చేరడం కష్టం, ఎందుకంటే గాలిలో పాకినదానికంటే నీళ్లలో అది దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా పాకుతుంది. వరి దీనికి తట్టుకుంటుంది, దాని వేళ్లలో గాలి గొట్టాలు ఉన్నాయి. కాక్టస్‌కి అలాంటి ఏర్పాటేదీ లేదు, రాళ్లూ ఇసుకా ఉన్న నేలలో పైపైనే వేళ్లు పరిచి, ఎప్పుడో పడిన వానని గబగబా తాగేసి, మళ్లీ ఎండిపోయే నేలలో బతికే రకం అది. కరువు రోజుల్లో దాని వేరు సన్నబడి, మట్టికీ వేరుకీ మధ్య సన్నటి గాలి సందు కూడా వస్తుంది, ఆ సందు వల్ల ఒంట్లోని నీరు ఎండిన మట్టిలోకి తిరిగి పోదు. అలాంటి వేరుని నేను కుండీ మార్చేటప్పుడు అక్కడక్కడా తెంపి, ఆ పచ్చి గాయాల మీద నీళ్లు నింపాను. ఫ్యూజేరియం లాంటి బూజులకి అంతకన్నా ఏం కావాలి!

మరి గులకరాళ్లు పరిచాను కదా, నీళ్లు దిగిపోవాలి కదా అని చాలా రోజులు నాకూ అర్థం కాలేదు. గిన్నెలు తోమే స్పాంజ్ ఒకటి తీసుకోండి. బాగా తడిపి, పిండకుండా, అడ్డంగా చేతిలో పట్టుకోండి, కాసేపటికి కారడం ఆగిపోతుంది. ఇప్పుడు దాన్ని నిలువుగా తిప్పండి, మళ్లీ ధార కడుతుంది. సన్నటి రంధ్రాలు నీటిని పట్టి ఉంచుకుంటాయి, అందుకే ఏ స్పాంజ్‌కైనా, ఏ మట్టికైనా అట్టడుగున కొంత మేర నీళ్లు కదలకుండా నిలిచిపోతాయి, ఆ మేర ఎంతన్నది ప్రధానంగా రంధ్రాల సైజు మీద ఆధారపడుతుంది. కుండీ పొట్టిదైతే ఆ తడి పట్టీ నేరుగా వేళ్ల దగ్గరికే వచ్చేస్తుంది. గులకరాళ్లు వేస్తే ఏమవుతుందంటే, పైనున్న మట్టి పూర్తిగా నానేదాకా నీరు సన్న సందుల్లోంచి పెద్ద సందుల్లోకి దిగదు, కాబట్టి తడి పట్టీ పోదు సరికదా రాళ్ల ఎత్తున పైకి జరుగుతుంది. నేను డబ్బులిచ్చి మరీ ముంపుని వేళ్లకి దగ్గర చేశానన్నమాట.

ముంపు అంటే గుర్తొచ్చింది. మన నర్సరీల్లో ఎక్కడ చూసినా కనిపించే ఆ పసుపు ముళ్ల గుండ్రటి గోల్డెన్ బ్యారెల్ సొంతూరు మెక్సికో, అక్కడ 1990లలో కట్టిన జిమపాన్ డ్యామ్ నీళ్ల కింద దాని అడవిలో కొంత భాగం పోయింది. సొంతగడ్డ మీద అంతరించే ప్రమాదంలో ఉన్న మొక్క మన బాల్కనీల్లోకొచ్చి మళ్లీ మునుగుతోంది.

రెండోసారి కొన్నది అదే, గోల్డెన్ బ్యారెల్. ఈసారి ఫిబ్రవరి దాకా ఆగాను. చలి తగ్గి మొక్క పెరగడం మొదలెట్టే సమయం, హైదరాబాద్‌లో మే ఎండకీ జూన్ వానలకీ ఇంకా వ్యవధి ఉంటుంది. పాత న్యూస్‌పేపర్‌ని పట్టీలా మడిచి, మొక్క నడుముకి చుట్టి, రెండు చివర్లూ పట్టుకుని లాగితే తేలిగ్గా వచ్చింది. వేళ్లన్నీ కోకోపీట్, అంటే కొబ్బరి పొట్టు ముద్దలో ఇరుక్కుని ఉన్నాయి, పుల్లతో మెల్లగా రాల్చాను. కొత్త కుండీ పాతదానికంటే ఒక్క అంగుళమే వెడల్పు, అది కూడా మామూలు మట్టి కుండీ, గోడల్లోంచి కూడా తడి ఆరుతుంది కాబట్టి. వేళ్లు లేని చోట ఉన్న మట్టి నీళ్లని తాగదు, అట్టే పెట్టుకుంటుంది, పెద్ద కుండీతో వచ్చే చిక్కంతా అదే.

మట్టి కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. మా అపార్ట్‌మెంట్ పక్కన ఇల్లు కడుతుంటే మేస్త్రీని అడిగి బకెట్ రోబో శాండ్, అంటే రాళ్లు పిండికొట్టి చేసే ఇసుక, తెచ్చుకున్నాను. జల్లెడ పట్టి, పొడంతా పారేసి, జొన్నగింజ నుంచి శనగగింజ దాకా ఉన్న పలుకుల్ని మాత్రం కడిగి ఆరబెట్టాను. అవి రెండు పాళ్లు, చితక్కొట్టిన ఇటుక ముక్కలు ఒక పాలు, ఎర్రమట్టీ వర్మీకంపోస్టూ కలిపి ఒక పాలు. నల్లరేగడి మాత్రం వద్దు.

అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. కుండీని నీడలో పెట్టి, పది రోజులు నీళ్లు పొయ్యనన్నాను. "పీకి నాటిన మొక్కని ఎండబెడతావేంట్రా, పాపం తగుల్తుంది" అంది అమ్మ. తెగిన వేరు మీద బెరడులాంటి పొర కట్టుకోవాలమ్మా అంటే వినలేదు. అప్పుడు పక్క కుండీలో ఉన్న రణపాలని చూపించి, పొద్దున ఆరింటికి ఒక ఆకు ముక్క నమిలించాను, సాయంత్రం నాలుగింటికి మళ్లీ నమిలించాను. "పొద్దున చింతచిగురులా ఉందిరా, ఇప్పుడు పులుపే లేదు" అంది.

ఈ తేడాని గమనించి లోకానికి చెప్పినాయన బెంజమిన్ హెయిన్, 1790లలో మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటల్ని చూసుకున్న వృక్షశాస్త్రజ్ఞుడు. ఈ ఆకులు పొద్దున పుల్లగా, మధ్యాహ్నం చప్పగా ఉంటాయని ఆయన రాసిన ఉత్తరాన్ని లండన్‌లోని లిన్నియన్ సొసైటీ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుల సంఘం 1815లో అచ్చువేసింది. కారణం ఏంటంటే రణపాల రాత్రిపూట పత్రరంధ్రాలు తెరిచి, కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చి, పుల్లటి మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది, పగలు తలుపులు మూసుకుని ఆ దాచుకున్నదాన్ని ఎండతో వండుకుంటుంది. కాక్టస్ చేసేదీ ఇదే. ఎద్దడి మరీ ఎక్కువైతే రాత్రి కూడా తలుపు తియ్యకుండా, తను వదిలిన కార్బన్ డయాక్సైడ్‌నే తిరిగి వాడుకుంటూ రోజుల తరబడి గడిపేస్తుంది. పది రోజులు దానికి ఒక లెక్క కాదు.

పదకొండో రోజు అడుగు చిల్లులోంచి కారేదాకా నీళ్లు పోశాను, మళ్లీ కుండీ చేతికి తేలిగ్గా అనిపించేదాకా చెంబు ముట్టుకోలేదు. ఈ హడావిడిలో పక్కనున్న బన్నీ ఇయర్ కాక్టస్ మీద చెయ్యి పడి, కంటికి కనపడని నూగు ముళ్లు చేతివేళ్ల నిండా దిగాయి. ప్లక్కర్‌తో దొరికినన్ని పీకి, మిగతావాటి మీద ఫెవికాల్ రాసి ఆరనిచ్చి, స్కూల్లో అరచేతి మీంచి పొర తీసినట్టు తీస్తే చాలావరకు వచ్చేశాయి. మార్చి చివర్లో బ్యారెల్ నడినెత్తిన కొత్త ముళ్లు లేత పసుపు రంగులో కనిపించాయి. జూన్‌లో ముసురు పట్టే లోపు దాన్ని సన్‌షేడ్ కిందికి జరపాలి, అమ్మ చూడకుండా చెంబు కూడా దాచాలి.