పిడుదులపై తైలాల తగాదా ఎక్కడ మొదలైంది

తొలకరి పడి పశువులకు పిడుదులు పెరిగినప్పుడల్లా, పాలలో పురుగుమందుల అవశేషాల మాట వచ్చినప్పుడల్లా, నిమ్మగడ్డి, నీలగిరి, వాము వంటి ఇట్టే ఆవిరయ్యే తైలాలతో పిడుదులను వదిలించవచ్చునా అన్న వాదన మళ్లీ తలెత్తుతోంది. తైలాలను సమర్థించేవారు 90 శాతానికి పైగా పిడుదులు చచ్చాయని చెప్పే పరిశోధన పత్రాలను చూపుతారు. పశువైద్యులు, తైలం పూసిన కొన్నాళ్లకే చెవుల్లో, గంగడోలు మడతల్లో, పొదుగు చుట్టూ మళ్లీ పిడుదులు పట్టిన ఆవును చూపుతారు. రెండు వాదనల్లోనూ అబద్ధం లేదు.

పశువులను ఆర్సెనిక్ కలిపిన నీటి తొట్లలో ముంచిన నాటి నుంచి పిడుదుల మీద రసాయనాల చరిత్ర చాలామందికి తెలిసిందే. ఇక్కడ అవసరమైనది ఒక్క సంగతి: పాత పురుగుమందు డీడీటీ, దాని తర్వాత వచ్చిన డెల్టామెత్రిన్ రెండూ పురుగు నాడుల్లో సంకేతాలను నడిపే సోడియం ద్వారాల మీదే పనిచేస్తాయి. అందువల్ల డీడీటీకి తట్టుకోవడం నేర్చిన పిడుదుల్లో కొన్ని, కొత్త మందుకు కూడా ముందే సిద్ధపడి ఉన్నాయి. మన దేశంలోనూ డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్‌లకు లొంగని పిడుదులు అనేక రాష్ట్రాల్లో బయటపడ్డాయి. పిడుదులను చంపే మరో మందు ఐవర్‌మెక్టిన్ సూది పాలిచ్చే పశువులకు వేయకూడదు. ఆ ఖాళీలోకే తైలాలు వచ్చాయి.

అయితే అసలు మలుపు అంతకుముందే, పరీక్షల దగ్గర పడింది. 1962లో ఆస్ట్రేలియాలో రూపొందిన పద్ధతిలో, మందు పట్టించిన వడపోత కాగితాన్ని పొట్లంగా మడిచి, లోపల పిడుదు పిల్లలను ఉంచి, మరునాడు చచ్చినవాటిని లెక్కిస్తారు. 1973 నాటి రెండో పద్ధతిలో, రక్తం తాగి ఉబ్బి, గుడ్లు పెట్టడానికి సిద్ధమైన ఆడ పిడుదులను తూచి, మందులో ముంచి, గాజుపళ్లెంలో ఉంచి, అవి పెట్టిన గుడ్లను తూస్తారు. రెండూ రసాయన మందుల బలాన్ని, వాటికి పిడుదులు తట్టుకునే తీరును తేల్చడానికి పుట్టినవే. అదే కొలతను తర్వాతి పరిశోధకులు తైలాలకూ వాడారు. ఇట్టే ఆవిరయ్యే పదార్థాన్ని మూసిన పొట్లంలో పెడితే, ఆ ఆవిరి ఎటూ పోలేక పిల్లలను చంపుతుంది. ఎండలో నిలబడ్డ ఆవు వీపు మీద అదే తైలం కొన్ని గంటల్లో ఎగిరిపోతుంది.

తైలాల మీద పరిశోధనలో ఎక్కువ భాగం బ్రెజిల్‌లో జరిగింది. అక్కడి నెలోరే పశువులు మన ఒంగోలు జాతి సంతతే, పిడుదులను బాగా తట్టుకుంటాయి. బాధ ఎక్కువగా యూరప్ జాతి పాడి ఆవులదీ, వాటి సంకరాలదీ. మన దగ్గర జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలు పెరిగాక వచ్చిన ఇబ్బందీ ఇదే.

పశువైద్యుల వాదనకు బలం ఇక్కడే ఉంది. ఆవుల పిడుదుల్లో ముఖ్యమైన రకం, పిల్లగా ఎక్కింది మొదలు ఉబ్బి రాలేదాకా, దాదాపు 3 వారాలు ఒకే పశువు మీద గడుపుతుంది. రాలిన ఒక్క ఆడది 2 వేల నుంచి 3 వేల గుడ్లు పెట్టగలదు. కొన్ని గంటలు నిలిచే మందుతో అన్నాళ్లు ఎక్కుతూనే ఉండే పిల్లలను ఆపడం కష్టం; గాఢత పెంచితే చర్మం మండుతుంది. రైతులు ఎప్పటినుంచో పూసే వేపనూనె, కానుగ నూనెలను ఈ లెక్కలో కలపడమూ పొరపాటే, అవి గానుగ నూనెలు, తైలాల్లా ఆవిరైపోవు.

తైలాల పక్షం ఇప్పుడు వాటిని సూక్ష్మ తొడుగుల్లో బంధించి నెమ్మదిగా విడుదలయ్యేలా చేసే ప్రయత్నాలను చూపుతోంది. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి సూచించిన వెల్లుల్లి, వేప, వస, పసుపు, తులసి మిశ్రమాన్ని మాత్రం వారం వారం చల్లమంటారు, పాక గోడల పగుళ్లలో కూడా. గోడ పగుళ్లలో దాగే పిడుదు రకాలు మనకు ఉన్నాయి కనుక ఆ సూచన అర్థవంతమైనదే. తైలాలకు మాత్రం పొట్లం ఫలితాన్ని పక్కనపెట్టి, పూసిన పశువు మీద 3 వారాల పాటు పిడుదులను లెక్కించిన ఫలితాన్నే సీసా మీద రాయమని అడిగితే, అమ్మేవారిలో ఎందరు ముందుకొస్తారన్నది వేరే సంగతి.