సమగ్ర శిక్షా డబ్బు గొడవ: దీని మూలం 2007లో ఉంది

స్కూళ్ల కోసం నడిచే సమగ్ర శిక్షా పథకం కింద తమిళనాడుకి రావాల్సిన డబ్బుని కేంద్రం ఆపేసిన గొడవ మళ్లీ పైకొచ్చింది. చర్చంతా ఎప్పటిలాగే హిందీ దగ్గర, 1965 నాటి హిందీ వ్యతిరేక ఉద్యమం దగ్గర మొదలవుతోంది. ఆ కథ చెన్నైలో ఏ ఆటో అన్నని అడిగినా చెబుతాడు, 1976లో చదువు రాష్ట్రాల చేతిలోంచి, కేంద్రం కూడా చట్టం చేయగలిగే ఉమ్మడి జాబితాలోకి పోయిన సంగతీ అందరికీ తెలిసిందే. నన్నడిగితే ముందు చూడాల్సింది 2007.

ఆ ఏడాది బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం, ఈ రాష్ట్రం మనిషే, హైస్కూలు, కాలేజీ చదువుల కోసమని పన్ను మీద 1 శాతం కొత్త సెస్సు, అంటే ఒక పని పేరు చెప్పి వసూలు చేసే అదనపు పన్ను, వేశారు. ఎలిమెంటరీ చదువుకి 2004లోనే వేసిన 2 శాతం అప్పటికే ఉంది. అప్పటి ఫోన్ బిల్లులు ఇంట్లో ఇంకా పడి ఉంటే తీసి చూడండి, సర్వీసు ట్యాక్సు 12.36 శాతం అని ఉంటుంది. వెయ్యి రూపాయల బిల్లయితే పన్ను 120, ఎలిమెంటరీ సెస్సు 2 రూపాయల 40 పైసలు, సెకండరీ సెస్సు 1 రూపాయి 20 పైసలు. జార్జిటౌన్‌లో షాపు పెట్టుకున్నవాళ్లం, అంబత్తూరులో ఉద్యోగానికి పోయేవాళ్లం, అందరం ఆ రూపాయి ఇరవై పైసలు నెలనెలా కట్టాం.

మరి ఆ డబ్బేమైంది? ఎలిమెంటరీ సెస్సుకి 2005లోనే విడిగా ఒక నిధి పెట్టారు. సెకండరీ సెస్సుకి 2017 ఆగస్టులో గానీ కేంద్ర క్యాబినెట్ నిధికి ఒప్పుకోలేదు, అంటే పదేళ్లు. 2016-17 వరకు వసూలైంది 83,497 కోట్లని, దాన్ని ఏ పథకానికి ఖర్చు పెట్టాలో కూడా నిర్ణయించలేదని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ రాసింది. మామూలు పన్నులో ఫైనాన్స్ కమిషన్ చెప్పినంత రాష్ట్రాలకి పంచాలి, సెస్సులో ఆ వాటా ఉండదు. హైస్కూలు పిల్లల పేరు చెప్పి తీసుకున్న డబ్బు ఢిల్లీలో ఉండిపోయింది, ఆ హైస్కూళ్లని నడిపే భారం మాత్రం రాష్ట్రాలదే.

అదే కాలంలో పథకం వైపు ఏం జరిగిందో చూడండి. 2009లో హైస్కూళ్ల కోసం రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ వచ్చినప్పుడు కేంద్రం వాటా 75, రాష్ట్రం వాటా 25. 2015-16 నుంచి అది 60-40 అయింది. 2009లోనే వచ్చిన విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది కాబట్టి తొమ్మిదిలో చేరే పిల్లకి చట్టం ఇచ్చే హామీ ఏమీ లేదు, పథకం ఉంటే ఉన్నట్టు. 2018లో ఆ పథకాన్ని కూడా ఎలిమెంటరీ చదువు పథకమైన సర్వశిక్షా అభియాన్‌తో కలిపి సమగ్ర శిక్షా చేశారు, ఇక ఒకే కుళాయి, కట్టేస్తే అన్ని తరగతులకీ కట్టేసినట్టే.

2024-25లో కట్టేశారు. తమిళనాడుకి ఆ ఏడాది మొత్తం 3,586 కోట్లు, అందులో కేంద్రం వాటా 2,152. ఆ ఏడాదిలో ఒక్క విడత కూడా రాలేదు. కొన్ని స్కూళ్లని ఎంచి మోడల్ స్కూళ్లుగా చేసే కేంద్ర పథకం పీఎం శ్రీ, దాని ఒప్పందం మీద సంతకం పెడతామని 2024 మార్చిలో రాష్ట్ర ప్రధాన కార్యదర్శే లేఖ రాసి తర్వాత వెనక్కి తగ్గారని కేంద్రం వాదన. లేఖ రాసిన మాట నిజమే. కానీ ఆ ఒప్పందంలో, మూడు భాషల సూత్రం ఉన్న జాతీయ విద్యావిధానం మొత్తాన్నీ అమలు చేయాలన్న షరతు ఉంది, దాన్ని తీసేసి రాష్ట్రం తిరిగి పంపితే కేంద్రం ఒప్పుకోలేదు. పీఎం శ్రీ 2022లో పుట్టింది, దాని షరతుని 2018 నుంచి నడుస్తున్న వేరే పథకం డబ్బుకి ఎందుకు ముడిపెట్టారో నాకు అర్థమయ్యే జవాబు ఇంతవరకు వినలేదు. 2025 మేలో రాష్ట్రం సుప్రీంకోర్టుకి వెళ్లి వడ్డీతో కలిపి 2,291 కోట్లు అడిగింది.

అలాగని రాష్ట్రం చేతులు మరీ శుభ్రంగా ఉన్నాయని అనను. 1991-92 నుంచి కొత్తగా తెరిచిన ప్రైవేటు స్కూళ్లకి గానీ, పాత స్కూళ్లు కొత్తగా పెట్టుకున్న తరగతులకి గానీ గ్రాంటు లేదని తేల్చేసింది తమిళనాడు ప్రభుత్వమే. ఆ దెబ్బ మనవాళ్లకి బాగా తగిలింది, ఎందుకంటే చెన్నైలో పాత తెలుగు హైస్కూళ్లు చాలా ఎయిడెడ్‌వే. టీచర్ల జీతం సర్కారుది, గోడలూ కప్పూ ల్యాబూ కమిటీ చూసుకోవాలి. 2013లో మాధ్యమిక శిక్షా పథకాన్ని ఎయిడెడ్ స్కూళ్లకీ విస్తరించారు గానీ భవనాలనీ జీతాలనీ పక్కన పెట్టేశారు.

ఉత్తర చెన్నైలో అలాంటి ఒక స్కూలుకి మొన్న వెళ్లాను. సైన్స్ ల్యాబులో రెండు బల్లలు, వాటి మీద బ్యూరెట్ స్టాండ్లు నాలుగు, ఒకదానికి క్లాంపు లేక పురికొస కట్టి ఉంది. పైకప్పు కారుతోందని ఒక మూల బకెట్ పెట్టారు. పదో తరగతి పిల్లలు నలుగురేసి ఒక్కో స్టాండు దగ్గర నిలబడి, వంతు కోసం చూస్తున్నారు. సైన్స్ సారు నన్ను పక్కకి పిలిచి, "ఆ రెండు వేల కోట్లు వస్తే ఈ కప్పుకేమైనా వస్తుందా అండీ?" అని అడిగారు. భవనాలు ఆ లెక్కలోకి రావు సార్, అది కమిటీ వేయించుకోవాల్సిందే అని చెప్పాను. ఆయన తలూపి, నిండిన బకెట్ తీసుకెళ్లి కిటికీలోంచి పారబోసి, మళ్లీ అదే మూల పెట్టారు.