చిలక్కి చికెన్ ఎముక పెట్టొచ్చా? నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి నా ఫోన్ మోగుతుంది. "డాక్టర్ గారూ, మా గ్రే చిలక కంచంలోంచి లెగ్ పీస్ ఎముక లాక్కుని కొరికేసింది, ఏమన్నా అవుతుందా?" అని. విజయవాడలో పక్షులకి వైద్యం చేస్తున్న నాకు ఈ ప్రశ్న ఎంత అలవాటైపోయిందంటే, ముందు నేను అడిగేది ఎముక గురించి కాదు, కూరలో ఉప్పు, నూనె, ఉల్లిపాయ ఎంత పడ్డాయని.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. ఇక్కడ రాస్తున్నది ఆఫ్రికన్ గ్రే, కాకటీల్, సన్ కనూర్, లవ్ బర్డ్స్ లాంటి విదేశీ పక్షుల గురించి. మన రామచిలకని పంజరంలో పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. గాలివానకి గూట్లోంచి పడిన పిల్ల దొరికితే అటవీ శాఖ వాళ్ళకి చెప్పండి, ఇంట్లో ఉంచేసుకోకండి.

అపోహ: చిలకలు పూర్తి శాకాహారులు, ఎముక ముడితే చచ్చిపోతాయి.

కాదు. అడవిలో చాలా జాతుల చిలకలు గింజలు, పండ్లతో పాటు పురుగుల్నీ తింటాయి. న్యూజిలాండ్‌లో ఉండే కియా అనే చిలక అయితే గొర్రెల కొవ్వు కూడా పొడుచుకు తింటుంది. ఎముక అనగానే మనకి కుక్క గుర్తొస్తుంది, ఉడికిన కోడి ఎముక సూదుల్లా విరిగి పేగులో గుచ్చుకుంటుందన్న భయం అక్కడి నుంచి వచ్చిందే, కుక్క విషయంలో అది నిజం కూడా. కుక్క గబగబా మింగేస్తుంది. చిలక అలా మింగదు, కాలితో పట్టుకుని, ముక్కుతో చిట్లించి, లోపలి మూలుగను నాలుకతో తీసుకుని, మిగతాదంతా కింద పారేస్తుంది. అందుకే గ్రే, మకావ్ లాంటి పెద్ద పక్షులకి ఉప్పూ కారం లేకుండా బాగా ఉడికించిన ఎముక ఎప్పుడన్నా ఒకటి, మీ కళ్ళ ముందు, ఇవ్వొచ్చు. అలాగని ప్రమాదం అసలే లేదనను. పదునైన ఎముక ముక్క గొంతులో ఇరుక్కోవచ్చు, పక్కటెముకల్లాంటి సన్నవి ఇవ్వకండి. బడ్జీలు, లవ్ బర్డ్స్, కాకటీల్స్ లాంటి చిన్న పక్షులకి అసలు ఎముక అవసరమే లేదు.

పచ్చి ఎముక మాత్రం ఏ పక్షికీ వద్దు. కోడి మాంసంలో ఉండే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా చిలకని మంచాన పడేస్తుంది, ఆ పంజరం కడిగే మీకూ అంటుకుంటుంది. ఉడికించినదైనా మన మే నెల ఎండల్లో పంజరంలో సాయంత్రం దాకా పడేసి ఉంచితే పాడైపోతుంది, గంటలోపు తీసేయండి.

అపోహ: ఎముకలో కాల్షియం ఉంటుంది కాబట్టి తరచూ పెట్టాలి.

పక్షి తినేది మూలుగ, మూలుగలో ఎక్కువ భాగం కొవ్వే. గ్రేలకి కాలేయంలో కొవ్వు పట్టడం, రక్తనాళాలు గట్టిపడటం ముందే ఉన్న ముప్పు, దానికి వారం వారం మూలుగ తోడైతే ఏమవుతుందో ఊహించుకోండి. కాల్షియం కావాలన్న మాట మాత్రం నిజం. గ్రేలలో అది తగ్గితే ఫిట్స్ వస్తాయి, అలా వణుకుతూ వచ్చిన పక్షిని చూస్తే మనసు చివుక్కుమంటుంది. దానికి పెట్టాల్సింది సముద్రపు నురుగు, అదే షాపుల్లో కటిల్‌బోన్ అని అమ్మేది, మన పెరట్లో మునగాకు, పొద్దున్నే కాసేపు నేరుగా తగిలే ఎండ. కిటికీ అద్దం లోంచి వచ్చే ఎండ పనికిరాదు, విటమిన్ డి తయారవడానికి కావాల్సిన కిరణాల్ని అద్దం ఆపేస్తుంది.

అపోహ: మనం తినేదే అది కూడా తింటుంది, ఇంట్లో మనిషే కదా.

ప్రేమ నాకు అర్థమవుతుంది, కానీ ఒక లెక్క చూడండి. కాకటీల్ సుమారు 90 గ్రాములుంటుంది. అది ఒక్క గ్రాము అప్పడం ముక్క తింటే, 60 కిలోల మనిషి 600 గ్రాములకు పైగా అప్పడాలు తిన్నట్టు. ఉప్పు ఎక్కువైతే విపరీతంగా నీళ్ళు తాగడం, మందగించడం, తూలడం, వణుకు కనిపిస్తాయి. ఆవకాయ అన్నం, బిర్యానీ, బజ్జీ, టీలో ముంచిన బిస్కెట్, ఏదీ వద్దు. చాక్లెట్, కాఫీ, ఉల్లి, వెల్లుల్లి హాని చేస్తాయి. వెన్నపండు అని కూడా అనే అవకాడో అయితే ఒక్క ముక్క కూడా ప్రాణం తీయగలదు. వట్టి అన్నం మెతుకులు, ఉప్పులేని ఉడికించిన చిలగడదుంప, జామ, బొప్పాయి, దొండపండు హాయిగా పెట్టండి.

నేను గట్టిగా పోట్లాడేది నోటితో ముద్ద అందించే అలవాటు మీద. పెద్దవాళ్ళు ఎంగిలి పెట్టొద్దన్నది మనుషుల గురించే కావచ్చు గానీ చిలకల విషయంలో అక్షరాలా సరిపోతుంది. మన లాలాజలంలో మనకేమీ చేయని సూక్ష్మజీవులు ఆ చిన్న ఒంట్లో ఇన్ఫెక్షన్ తెస్తాయి. "మా పాప ముద్దు పెడుతూ తినిపిస్తుంది సార్" అని మురిసిపోతూ చెప్పిన ఒక తల్లికి ఇదంతా చెప్పాల్సి వచ్చినప్పుడు నాకూ బాధేసింది. చేత్తో, కడుక్కున్న చేత్తో పెట్టమన్నాను.

అపోహ: మిరపకాయ తింటే నాలుక పలచబడి మాటలొస్తాయి.

గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు తప్పకుండా అడుగుతారు. మాటకి నాలుక సాయం చేస్తుంది, కానీ శబ్దం పుట్టేది గాలిగొట్టం అడుగున ఉండే స్వరపేటికలో. దానికీ మిరపకాయకీ సంబంధం లేదు. మనకి మంట తెలియజేసే నరాల వ్యవస్థ పక్షుల్లో మిరప ఘాటుకి స్పందించదు, అందుకే అంత ఇష్టంగా నమిలేస్తుంది. మిరపకాయ మంచి తిండే, పండుమిర్చిలో విటమిన్ ఎ తయారయ్యే పదార్థం బాగా ఉంటుంది. పొలంలో మందులు కొడతారు కాబట్టి బాగా కడిగి పెట్టండి. చవగ్గా వచ్చాయని తాలు కాయలు మాత్రం తేకండి, వాటికి పట్టే బూజులోని విషం కాలేయాన్ని తినేస్తుంది. బూజు పట్టిన వేరుశనగ కూడా అంతే. కారం తట్టుకుంటోంది కదా అని కూర పెట్టడం వేరే సంగతి, అక్కడ సమస్య కారం కాదు, ఉప్పూ నూనే.

వంటింటి మాట వచ్చింది కాబట్టి ఇది కూడా: ఖాళీ నాన్‌స్టిక్ పెనం స్టవ్ మీద మర్చిపోతే వచ్చే పొగ చిలక ఊపిరితిత్తుల్ని నిమిషాల్లో దెబ్బతీస్తుంది. పంజరం వంటింట్లో వద్దు.

ఏదన్నా పొరపాటున తినేస్తే వాంతి చేయించాలని చూడకండి, నోట్లో నీళ్ళూ నూనే పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఏం తిన్నది, ఎంత, ఎన్నింటికి అన్నది రాసుకోండి, రెట్ట పడిన కాగితం ఫోటో తీయండి. ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చున్నా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, తోక పైకీ కిందకీ ఊగుతున్నా రేపటి దాకా ఆగకుండా వెంటనే తీసుకురండి. తిన్న పదార్థం మిగిలి ఉంటే కవర్‌లో వేసి అదీ తెండి.