"స్పాట్‌లో చూసుకుందాం" అంటే కుదరదు: స్టూడెంట్ షూటింగుల అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల షూటింగులకి ప్రొడక్షన్ పని చూస్తుంటాను. కాలేజీ ఫెస్టుల సీజన్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, కెమెరా ఎక్కడ అద్దెకిస్తారు?" అన్నదే అందరి మొదటి ప్రశ్న. "ఏ రోజు ఏం తీయాలో ఎలా రాసుకోవాలి?" అని అడిగేవాళ్లు అరుదు. నేను చూసినంతలో మధ్యలో ఆగిపోయిన స్టూడెంట్ ఫిల్ములు కెమెరా లేక ఆగినవి కావు. రెండో రోజు హీరో రాక, ఇల్లిస్తామన్న వాళ్లు తాళం ఇవ్వక, ఎవరు ఏం తేవాలో తేలక ఆగినవే. ఆ ఫోన్లలో తరచూ వినిపించే మాటలనే ఇక్కడ తీసుకున్నాను.

అపోహ: కథ చేతిలో ఉంది, మిగతాది స్పాట్‌లో చూసుకుందాం.

చూసుకోవచ్చు. కాకపోతే మీరు చూసుకుంటున్నంత సేపూ పన్నెండు మంది ఎండలో నిలబడి మీ మొహం చూస్తుంటారు. గదిలో ఫ్యాను కింద ఐదు నిమిషాల్లో తేలే విషయం అక్కడ గంట తింటుంది.

స్క్రిప్టులో ఒక లైను ఉందనుకోండి: "సాయంత్రం. పున్నమి ఘాట్ దగ్గర టీ బండి. రవి సైకిల్ ఆపి నాన్నకి ఫోన్ చేస్తాడు." చదవడానికి ఎంతసేపు? ఇప్పుడు విడగొట్టండి. సైకిల్ ఎవరిది, ఘాట్ దాకా ఎవరు తొక్కుకొస్తారు? టీ బండి నిజమైనదైతే సాయంత్రం అతనికి బేరం ఉండే టైము, గంటసేపు మనం అడ్డంగా నిలబడితే ఆ నష్టం ఎవరిస్తారు? నాన్న గొంతు వినిపించాలా? వినిపించాలంటే ముందే రికార్డు చేసుకోవాలి, లేదా కెమెరా వెనక నుంచి ఒకరు డైలాగు అందించాలి. లేకపోతే రవి గాలితో మాట్లాడినట్టు ఉంటుంది. ఫోన్ స్క్రీన్ మీద "నాన్న" అని కనపడే షాట్ ఉందా? ఉంటే ఆ పేరుతో నంబరు సేవ్ చేసిన ఫోను కావాలి, దానికి చార్జింగు ఉండాలి. ముందు సీన్లో వేసుకున్న చొక్కానే వేసుకున్నాడా?

ఇక ఆ మొదటి మాట, సాయంత్రం. మన దగ్గర పొద్దు గుంకాక కెమెరాకి పనికొచ్చే వెలుగు 20-25 నిమిషాలకి మించి ఉండదు. డిసెంబరు మొదట్లో సూర్యుడు ఐదున్నరకే దిగిపోతాడు, మే చివర్లో ఆరున్నర దాటుతుంది. ఆ కాస్త వెలుగులో రెండు షాట్లు, గట్టిగా పరిగెత్తితే మూడు వస్తాయి. మీ షాట్ డివిజన్లో (సీనుని షాట్లుగా విడగొట్టి రాసుకున్న కాగితంలో) తొమ్మిది రాసుకున్నారంటే మిగతా ఆరు ఎప్పుడు తీస్తారో గదిలోనే తేల్చుకోవాలి. వెనక నది కనపడని క్లోజప్పుల్ని గోడ నీడలో నాలుగింటికే తీసేసి, నదితో సహా అంతా కనపడే వైడ్ షాట్‌ని మాత్రం ఆ వెలుగుకి అట్టిపెట్టుకోవచ్చు. ఇలా ఆలోచించిన టీమ్ చీకటి పడగానే సామాన్లు సర్దుకుంటుంది. ఆలోచించని టీమ్ "రేపు మళ్లీ వద్దాం" అనుకుంటుంది. తెల్లారితే హీరోకి ల్యాబ్ ఎగ్జామ్.

ప్రతి సీనుకీ ఇదే పని చేయాలి. లొకేషన్, పగలా రాత్రా, నటులు, వస్తువులు, బట్టలు, సౌండు అని ఒక షీట్ గీసుకుని నింపండి. తర్వాత కథ వరసని పక్కన పెట్టి, లొకేషన్ల వారీగా సీన్లు కలపండి. క్లైమాక్సు, మొదటి సీను ఒకే ఇంట్లో జరిగితే ఒకే రోజు తీస్తారు. కొత్త టీముకి ఒక సెటప్ (కెమెరా, లైట్లు అమర్చిన తీరు) నుంచి ఇంకో సెటప్‌కి మారడానికి అరగంట పడుతుంది. పది గంటల రోజులో తిండికీ తిరుగుడికీ పోను 15 షాట్లు చేతికొస్తే బాగా పనిచేసినట్టే. నలభై రాసుకుని వెళ్లేవాళ్లని చూస్తే నాకే టెన్షన్ వస్తుంది.

తారీఖులు పెట్టుకునేటప్పుడు పంచాంగం కూడా చూడండి, ముహూర్తం కోసం కాదు. దసరా రోజుల్లోనూ, భవానీ దీక్షల విరమణ అప్పుడూ విజయవాడ వన్ టౌన్ వైపు రోడ్లు మళ్లిస్తారు. ఆ వారంలో దుర్గ గుడి చుట్టుపక్కలకి ట్రైపాడ్ మోసుకెళ్లే పని పెట్టుకోకండి.

అపోహ: మంచి కెమెరా దొరికితే సగం సినిమా అయిపోయినట్టే.

బొమ్మ కాస్త తగ్గినా జనం చూస్తారు. మాట వినపడకపోతే ఒక్క నిమిషం కూడా కూర్చోరు. చేతిలో ఉన్న డబ్బులో కెమెరా అద్దె తగ్గించుకుని ఒక రికార్డరు, చొక్కాకి తగిలించే రెండు లాపెల్ మైకులు తెచ్చుకోండి. డబ్బింగ్‌లో చూసుకుందాం అంటారేమో, అలవాటు లేనివాళ్లకి పెదాలు కలపడం షూటింగు కంటే పెద్ద పని.

రెక్కీకి, అంటే లొకేషన్ ముందుగా చూసి రావడానికి, వెళ్లినప్పుడు షూటింగు ఏ టైముకో అదే టైముకి వెళ్లండి. సౌండు చూసే కుర్రాడిని అక్కడ రెండు నిమిషాలు కళ్లు మూసుకుని నిలబడమనండి. పొద్దున పదింటికి ప్రశాంతంగా ఉన్న మేడ మీద సాయంత్రం ఆరింటికి గుడి మైకు, రైలు కూత, కింద కుక్కరు విజిల్ అన్నీ కలిసి వినపడతాయి. ఇంట్లో తీసేటప్పుడు ఫ్యానూ ఫ్రిజ్జూ ఆపాలి. ఫ్రిజ్ ఆపిన మనిషి తన బైకు తాళం అందులోనే పెట్టాలి. తాళం లేకుండా ఇంటికి వెళ్లలేడు కాబట్టి ఫ్రిజ్ తెరుస్తాడు, ఆపేసిన సంగతి గుర్తొస్తుంది. లేదంటే మర్నాడు పాలు విరిగిపోయి, ఆ ఇంటి ఆంటీ మీకు ఇంకెప్పుడూ ఇల్లివ్వరు. ప్యాకప్ చెప్పేముందు అందరినీ నోరు మూసుకుని నిలబెట్టి అరనిమిషం ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో డైలాగుల మధ్య అతుకులు తెలియకుండా చేసేది అదే.

కెమెరా సంగతికొస్తే, మన కరెంటు 50 హెర్ట్జ్. షట్టర్ స్పీడు (ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే సమయం) సెకనులో 1/50 వంతు దగ్గర పెడితే ట్యూబులైట్ల కింద బొమ్మ మినుకు మినుకుమనడం చాలావరకు పోతుంది. ఫోన్‌తో తీసేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. మామూలు కెమెరా యాప్‌లో ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎన్ని ఫ్రేములు తీస్తుందన్నది) నిలకడగా ఉండకపోవచ్చు, అలాంటప్పుడు విడిగా రికార్డు చేసిన సౌండు పోనుపోను పెదాలతో కలవదు. ఫ్రేమ్ రేటు మార్చకుండా పట్టి ఉంచే యాప్ వాడండి.

అపోహ: మనం స్టూడెంట్లం, పర్మిషన్ ఎవరడుగుతారు?

ట్రైపాడ్ తెరిచేదాకా ఎవరూ అడగరు, నిజమే. తెరిచాక అందరూ అడుగుతారు.

ఉండవల్లి గుహలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. ఫోన్లో ఫొటో దిగడం వేరు, నటుల్ని పెట్టి సినిమా తీయడం వేరు. దానికి ముందుగా లైసెన్సు తీసుకోవాలని 1959 నాటి నియమాల్లోనే ఉంది. విజయవాడ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ఒక్క షాటే అన్నా రైల్వే అనుమతి కావాల్సిందే. ప్రకాశం బ్యారేజీ 1957 నుంచి వాడుకలో ఉన్న వంతెన, కృష్ణా డెల్టాకి నీళ్లు మళ్లించేది అక్కడే. అలాంటి చోట ట్రాఫిక్ మధ్య కెమెరా పెట్టి "ఒక్క టేక్ సార్" అంటే పోలీసులు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. ఎక్కడ ఎవరిని అడగాలో తెలియకపోతే రాష్ట్ర చలనచిత్ర, టీవీ, నాటకరంగ అభివృద్ధి సంస్థను సంప్రదించండి. కాలేజీ ప్రిన్సిపాల్ సంతకంతో లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం ఎప్పుడూ ఫైల్లో ఉంచుకోండి. అది పర్మిషన్ కాదు, కానీ మీరెవరో చెబుతుంది.

డ్రోన్ షాట్ లేకపోతే సినిమాయే కాదనుకునే రోజులివి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల లోపు డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంతమాత్రాన ఎక్కడైనా ఎగరేయొచ్చని కాదు. విమానాశ్రయం చుట్టూ ఐదు కిలోమీటర్లు అనుమతి లేకుండా ఎగరేయకూడని ఎరుపు జోన్, కాబట్టి గన్నవరం వైపు ఊళ్లో పొలాలు ఎంత పచ్చగా ఉన్నా ముందు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్ చూడండి. నన్నడిగితే ఆ షాట్‌ని ఎవరిదైనా ఐదంతస్తుల మేడ మీద నుంచి తీయడమే మేలు.

ఇళ్ల విషయంలో నోటిమాట చాలదు. తారీఖు, టైము, ఏ గదులు, ఎంతమంది అనేది ఒక కాగితం మీద రాసి, ఇంటి పెద్దాయన చేత చదివించి సంతకం పెట్టించండి. "మా ఫ్రెండ్ ఇల్లే" అంటారు గానీ ఆ ఇంటి యజమాని ఫ్రెండ్ కాదు, వాళ్ల నాన్న. పక్కింటివాళ్లకీ ముందురోజే చెప్పండి. బొమ్మ తుపాకీ, ఉత్తుత్తి కత్తి లాంటివి ఉంటే రోడ్డు మీద తీయకండి, తప్పనిసరైతే పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా చెప్పి తీయండి. దూరం నుంచి చూసేవాడికి మీ కెమెరా కనపడదు, కత్తే కనపడుతుంది. ఘాట్ల దగ్గర నీళ్లలోకి దిగే సీన్లు స్క్రిప్టులో ఉంటే అక్కడే కొట్టేయండి. కృష్ణ పైకి ఎంత నెమ్మదిగా కనపడినా లోపల లోతు, వడి మనకి తెలియవు. ఈత వచ్చిన వాళ్లకీ ఇదే మాట.

అపోహ: అందరం ఫ్రెండ్సే, పనులు పంచుకోవడం ఎందుకు?

ఫ్రెండ్సే కాబట్టి. బయటివాడినైతే గట్టిగా అడుగుతారు. రూమ్మేటు బ్యాటరీలు చార్జింగు పెట్టడం మర్చిపోతే "సర్లేరా మావా" అని వదిలేస్తారు.

పేర్లు కాగితం మీద ఉండాలి. డైరెక్టరు నటుల్ని చూసుకోవాలి. టైము చూసే మనిషి వేరే ఉండాలి, "ఈ షాట్‌కి ఇంక పది నిమిషాలే" అని డైరెక్టరుకే చెప్పగలిగే ధైర్యం ఉన్నవాళ్లు. చాలా టీముల్లో ఈ పని అమ్మాయిలు బాగా చేయడం చూశాను, ఎందుకో మీరే ఆలోచించండి. కంటిన్యుటీకి, అంటే షాట్ల మధ్య తేడా రాకుండా చూడటానికి, ఒకరు. ప్రతి షాట్ అయ్యాక ఫోన్లో ఫొటో తీసి, వాచీ ఏ చేతికి ఉంది, గ్లాసులో టీ ఎంత ఉంది అని రాసుకోవాలి. డబ్బు ఒక్కరి చేతిలోనే ఉండాలి, పది రూపాయల జిరాక్సుకి కూడా లెక్క రాయాలి. చిన్న టీములో ఒకరు రెండు పనులు చేసినా ఫర్వాలేదు, ఒక పని ఇద్దరిది కాకుండా చూసుకోండి.

ముందురోజు రాత్రి ఎనిమిదిలోపు ఒకే ఒక్క మెసేజ్ పెట్టండి. ఎవరు ఎన్నింటికి ఎక్కడికి రావాలి, గూగుల్ మ్యాప్ లింకు, ఏం తేవాలి, ఏ సీన్లు, టిఫిన్ ఎక్కడ, దగ్గర్లో ఉన్న హాస్పిటల్ ఏది. గ్రూపులో రెండొందల మెసేజీల మధ్య "రేపు 6 కి రా" అని పడేసి అందరికీ తెలుసనుకోకండి. మన దగ్గర ఆరు అంటే ఏడున్నర అని అందరికీ తెలిసిందే. ఆ లెక్కతో ముందే నాలుగున్నర అని పెట్టకండి, నిజంగా నాలుగున్నరకి వచ్చినవాడు రెండో రోజు రాడు.

అపోహ: నాన్న పాత్రకి మనవాడికే జుట్టుకి పౌడర్ కొడదాం.

ఇరవయ్యేళ్ల కుర్రాడు దగ్గుతూ నడిస్తే హాల్లో నవ్వులే. గుంటూరు, తెనాలి, విజయవాడల్లో పరిషత్తు పోటీల్లో నాటకాలు ఆడేవాళ్లకి కొదవ లేదు. గాంధీనగర్‌లో హనుమంతరాయ గ్రంథాలయంలో నాటకం ఉన్న రోజు వెళ్లి, అయ్యాక వెనక్కి వెళ్లి "మాస్టారూ, చిన్న సినిమా తీస్తున్నాం" అని పలకరించండి. చాలామంది సంతోషంగా వస్తారు, రానూపోనూ ఖర్చులు, భోజనం మాత్రం మర్యాదగా చూసుకోవాలి. ఒక్క జాగ్రత్త ఉంది. వాళ్ల గొంతు చివరి వరస దాకా వినపడేలా సాధన చేసిన గొంతు, క్లోజప్‌లో అది ఎక్కువవుతుంది. షూటింగు రోజు చెబితే నొచ్చుకుంటారు. వారం ముందు రిహార్సల్‌లో ఫోన్‌తో తీసి చూపించండి, మీరు చెప్పనక్కర్లేకుండా వాళ్లే తగ్గించుకుంటారు.

అపోహ: మిట్టమధ్యాహ్నం వెలుతురు ఎక్కువ, అప్పుడే బాగా వస్తుంది.

మే మొదటి వారంలో బెజవాడలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. కళ్ల కింద నల్లటి గుంటలు, ముక్కు కింద మీసంలా నీడ. అవుట్‌డోర్ పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత పెట్టుకోండి. మధ్యలో ఇంట్లో సీన్లు. ఒక తెల్ల థర్మోకోల్ షీటు మొహం వైపు తిప్పి పట్టుకుంటే సగం లైటింగు అయిపోతుంది. మజ్జిగ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు బడ్జెట్‌లో రాయండి. తిండి కూడా. టైముకి ఇడ్లీ పెట్టని యూనిట్‌లో పదకొండింటికి గొడవలు మొదలవుతాయి.

అపోహ: క్రెడిట్ ఇస్తే ఏ పాటైనా వాడుకోవచ్చు.

థ్యాంక్స్ కార్డులో పేరు వేస్తే అది అనుమతి అయిపోదు. యూట్యూబ్ పట్టేస్తుంది, ఫెస్టివల్ వాళ్లు హక్కుల కాగితం అడుగుతారు. కీబోర్డు వాయించే క్లాస్‌మేట్‌కి స్క్రిప్టు దశలోనే చెప్పండి, చివరి రాత్రి కాదు.

అపోహ: షూటింగు ముగించి గుమ్మడికాయ కొట్టేశాం, ఇక అయిపోయినట్టే.

ఫుటేజ్ ఇంకా కార్డులోనే ఉంది కదా. సెకనుకి 100 మెగాబిట్లు, అంటే 100 ఎంబీపీఎస్‌లో తీసిన 4కె వీడియో నిమిషానికి 750 ఎంబీ తింటుంది. 64 జీబీ కార్డు గంటన్నర కూడా రాదు, కాబట్టి రోజు మధ్యలో ఖాళీ చేయాల్సి వస్తుందని ముందే తెలిసుండాలి. ఆ పనికి ఒక ల్యాప్‌టాప్, ఒక మనిషి. కార్డు ఫార్మాట్ కొట్టే అధికారం ఆ ఒక్కరికే ఉండాలి. రెండు హార్డ్ డిస్కుల్లోకి కాపీ చేసి, సైజు సరిపోయిందో లేదో చూసి, మొదట్లోవీ చివర్లోవీ కొన్ని ఫైళ్లు తెరిచి ప్లే చేశాకే ఫార్మాట్. నిండిన కార్డుకి ఎర్ర టేపు, ఖాళీదానికి పచ్చ టేపు అంటించండి. సాయంత్రం ఒక డిస్కు ఎడిటరుతో వెళ్లాలి, రెండోది వేరే ఇంటికి వెళ్లాలి. రెండూ ఒకే బ్యాగులో, ఒకే బైకు మీద వెళ్లకూడదు.