బురదలో దారిబత్తెం: తీర పక్షులపై అపోహలు - వాస్తవాలు

సముద్రతీరంలోని పక్షుల రక్షిత ప్రాంతంలో వలస పక్షుల్ని లెక్కపెట్టడం నా పని. చూడవచ్చినవాళ్ల నోట తరచూ వినబడే మాటలివి.

అపోహ: ఇక్కడుంది ఉత్త బురదే కదా.

పాటుకు నీళ్లు తీశాక గుప్పెడు బురద తీసి జల్లెడలో కడిగి చూపిస్తాను. బియ్యపుగింజంత నత్తలు, దారాల్లాంటి పురుగులు, చిన్న చిన్న గుల్లలు మిగులుతాయి. రెడ్ నాట్ పక్షి ముక్కు కొన ఒత్తిడిని పసిగడుతుంది. తడి ఇసుకలో గుచ్చగానే లోపల గుల్ల ఎక్కడుందో దానికి తెలిసిపోతుంది. వెస్టర్న్ శాండ్‌పైపర్ అయితే బురద మీది జిగట పొరను కూడా నాలుకతో లాగేసుకుంటుంది.

అపోహ: ఎగిరితే ఏమైంది, మళ్లీ వాలతాయిగా!

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ మాటే. పోటు వచ్చి మేత నేల మునిగినప్పుడు పక్షులు గట్టెక్కి, ఒంటికాలి మీద నిలబడి కునుకు తీస్తాయి. అది బద్ధకం కాదు, కూడబెట్టిన కొవ్వును కాపాడుకోవడం. ఒక్కసారి లేపితే నష్టం కొంతే. పొద్దస్తమానం ఎవరో ఒకరు ఫొటో కోసం దగ్గరికి పోతుంటే మేసిందంతా రెక్కలాడించడానికే సరిపోతుంది.

ఆ కొవ్వు విలువ ఎంతంటే, 2022 అక్టోబరులో గాడ్విట్ అనే తీర పక్షి పిల్ల, అయిదు నెలలది, అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దాకా 13,560 కిలోమీటర్లు, 11 రోజుల పాటు ఎక్కడా దిగకుండా ఎగిరింది. ఒంట్లో కొవ్వే దాని దారిబత్తెం. బరువు తగ్గించుకోవడానికి బయల్దేరే ముందు ఈ పక్షుల జీర్ణావయవాలు కూడా కుంచించుకుపోతాయి.

పక్షులు మేత ఆపి, మెడలు సాచి మీవైపు చూస్తున్నాయంటే అప్పటికే మీరు దగ్గరికి వచ్చేశారు. మెల్లగా వెనక్కి జరగండి.

అపోహ: మనమే మేత వేస్తే సరి.

వద్దు. పురుగులూ గుల్లలూ తినే పక్షికి రొట్టెముక్క తిండి కాదు.

అపోహ: ఒక్క తీరాన్ని కాపాడితే చాలు.

దక్షిణ అమెరికా కొసన శీతకాలం గడిపే రెడ్ నాట్‌లు కెనడా ఆర్కిటిక్‌కు వెళ్తూ మే నెలలో అమెరికాలోని డెలావేర్ తీరంలో ఆగుతాయి. అక్కడ గుర్రపునాడా పీతల గుడ్లు తిని దాదాపు రెట్టింపు బరువెక్కుతాయి. 1990లలో ఆ పీతల్ని వేటకు ఎరగా విపరీతంగా పట్టేశారు. గుడ్లు తగ్గాయి, వెంటే పక్షులూ తగ్గాయి. 2014లో అమెరికా ఈ రెడ్ నాట్ రకాన్ని ముప్పులో ఉన్న జాబితాలో చేర్చింది. దారి మధ్యలో ఒక్క మజిలీ చెడితే అటూ ఇటూ ఎంత కాపాడినా నిలవదు.

కాలికి పరిశోధకులు తొడిగిన రంగు జెండా ఉన్న పక్షి కనబడితే దూరం నుంచే ఫొటో తీసి, రంగు, అక్షరాలు, తేదీ, చోటు రాసి దగ్గర్లోని పక్షి పరిశోధకులకు పంపండి. అది ఏ మజిలీలో ఆగిందో మాకు తెలిసేది అలాగే.