ముంపు నీళ్లు చూసిన కారు కొనొచ్చా? అపోహలు - వాస్తవాలు

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లూ బళ్లూ రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి కదా. అలాంటి బళ్లు బాగుచేసుకుని చేతులు మారుతూనే ఉంటాయి. సెకండ్ హ్యాండ్ కార్లు చెక్ చేయడం నా పని, రోజూ వినే మాటలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: ఇంజిన్ సాఫీగా ఉంది, ఇంకేం కావాలి?

ఇంజిన్‌ని విప్పి, కడిగి, ఆయిల్ మార్చి నిలబెట్టొచ్చండీ. అసలు గొడవంతా వైరింగ్‌తోనే. కనెక్టర్లలోకి వెళ్లిన బురదనీరు ఆరిపోయినా లోపల చిలుము పట్టడం ఆగదు, కొన్ని నెలలు పోయాక ఓ రోజు పవర్ విండో దిగదు, ఇంకో రోజు నడిరోడ్డు మీద బండి ఆగిపోతుంది, స్కానర్ ఒకటి చూపిస్తే లోపం మరోచోట ఉంటుంది. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ ముందు సీట్ల మధ్య, నేలకి దగ్గరగా ఉంటుంది. అందుకే "నీళ్లు సీటు దాకా రాలేదండీ" అన్నా నేను వదలను. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోతే అనుమానించాల్సిందే.

అపోహ: లోపల తళతళలాడుతోంది, వాసన కూడా లేదు

ఈమధ్య ఒక కుటుంబం అడ్వాన్స్ ఇచ్చేశాక నన్ను పిలిచింది. సీట్ కవర్లు కొత్తవి, మ్యాట్లు కొత్తవి, కారంతా సెంటు. డ్రైవర్ సీటు బెల్టు ఇక రాదు అనేదాకా లాగాను. చివరి జానెడు పట్టీ మీద టీ మరకలాంటి గీత, వేలితో రాస్తే పొడిపొడిగా ఒండ్రు. అడ్వాన్స్ పోతే పోయింది, మిగతా డబ్బు కాపాడుకోండని చెప్పాను. స్టెప్నీ కింద గుంత, సీటు కింది బోల్టుల తుప్పు కూడా చూడండి.

అపోహ: తెలంగాణ నంబరు బండికి విజయవాడ వరదతో ఏం పని?

2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునగలేదా? పైగా ఎన్‌వోసీ, అంటే ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఉంటే ఏ బండైనా ఎక్కడికైనా వస్తుంది. పాత ఇన్సూరెన్స్ పాలసీలు అడగండి. అదే ఓనరు పేరు మీద 35 శాతం ఉన్న నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మరుసటి ఏడాది సున్నా అయిందంటే మధ్యలో క్లెయిమ్ అయి ఉండొచ్చు, దేనికో కనుక్కోండి. రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో బండికి కట్టిన విలువలో) 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద లెక్కేస్తారు, అవి కూడా బాగుచేసుకుని మార్కెట్లోకి వస్తుంటాయి.

అపోహ: నీళ్లు తగిలిన కారు ఏదైనా ముట్టుకోకూడదు

దీనికి నేను ఒప్పుకోను. నీళ్లు కార్పెట్ దాకానే వచ్చి, ఓనరు కంగారులో స్టార్ట్ చేయకుండా టోయింగ్‌లో తీసుకెళ్లి, సీట్లు విప్పి ఆరబెట్టిన బిల్లులు చూపించి, ధర బాగా తగ్గిస్తే ఆలోచించొచ్చు. స్టార్ట్ చేసి ఉంటే వేరే కథ, సిలిండర్లోకి నీళ్లు చేరితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. డ్యాష్‌బోర్డు దాకా మునిగితే మాత్రం సగం ధరకిచ్చినా వద్దంటాను. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, ఎన్ని రోజులు నిలిచాయి అని సూటిగా అడగండి. బెల్టు లాగి చూడనివ్వకపోతే అక్కడి నుంచి వచ్చేయండి.